ఇసుక ఎటు పోతోంది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటి బాధ ఒకటే. గాలి రేణువుల్ని ఎత్తుకుపోతోంది. మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు పెట్టి ఈసారి వీటికే జాగా ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది, ఎందుకంటే ఆయన అంకెలు పంపారు. అంకెలు పంపేవాళ్లంటే నాకు కాస్త పక్షపాతం.

ప్రశ్న: సార్, నేను బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంట్‌ని. మాది గంటకు 4 టన్నుల ఆవిరి ఇచ్చే ఊక బాయిలర్, ఫ్లూయిడైజ్డ్ బెడ్ రకం, అంటే కింది నుంచి గాలి ఊది తేల్చిన ఇసుక పరుపులో (బెడ్‌లో) ఊక కాల్చేది. బెడ్ 1.8 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు. తోతాపురి సీజన్ మొదలైనప్పటి నుంచి బెడ్‌లో ఇసుక నిలవడం లేదు. బస్తాలు బస్తాలు పోస్తున్నాం, పోసిందంతా పొగ వేడితో నీళ్లు కాచే ఎకనమైజర్ కింది హాపర్లో (బూడిద పడే తొట్టిలో), పొగను సుడి తిప్పి ధూళి రాల్చే సైక్లోన్ కింద తేలుతోంది. లోపలికి గాలి తోసే ఎఫ్‌డీ ఫ్యాన్ గాలి గంటకు 7,500 ఘనపు మీటర్లు చూపిస్తోంది. బాయిలర్‌తో వచ్చిన పుస్తకంలో 5,800 అని ఉంది. బెడ్ 800 డిగ్రీలు, పొగలో ఆక్సిజన్ 9, 10 శాతం మధ్య. గాలి తగ్గిద్దామంటే మా మేనేజర్ "గాలి తగ్గిస్తే స్టీం పడిపోతాది, పెద్ద సైక్లోన్ పెట్టిద్దాం లే" అంటా ఉండారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ సైక్లోన్ కొటేషన్ పక్కన పెట్టమనండి. లేచిపోయినదాన్ని పట్టుకోవడమే సైక్లోన్ పని. మీ ఇబ్బంది అంతకన్నా ముందు, లేవడం దగ్గరే ఉంది. పైగా మీ బాయిలర్లో సైక్లోన్ పట్టుకున్న ఇసుక బెడ్‌లోకి తిరిగి రాదు. హాపర్లోంచి ట్రాక్టర్లోకి, ట్రాక్టర్లోంచి గుంతలోకి పోతుంది. ఎంత పెద్ద సైక్లోన్ పెడితే గుంత అంత తొందరగా నిండుతుంది.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. గంటకు 7,500 ఘనపు మీటర్లంటే సెకనుకు 2.08. బెడ్ వైశాల్యం 3.24 చదరపు మీటర్లు. భాగిస్తే గాలి వేగం సెకనుకు 0.64 మీటర్లు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, ఈ మాత్రం గాలికి ఇసుక ఏం లేస్తుందిలే అనుకుంటారు. ఆ 0.64 ఫ్యాన్ దగ్గర, 35 డిగ్రీల గాలికి. బెడ్‌లోకి వెళ్లాక అదే గాలి 800 డిగ్రీలకు కాగుతుంది. కెల్విన్ లెక్కలో 308 కాస్తా 1,073 అవుతుంది, గాలి దాదాపు మూడున్నర రెట్లు ఉబ్బుతుంది, వేగం 2.24కు చేరుతుంది. ఊకలోని తేమ, ఊక కాలగా పుట్టిన వాయువులు కలిసి ఇంకో పదో వంతు. అంటే మీ బెడ్ మీంచి పైకి పోయేది సుమారు 2.5 మీటర్లు. పుస్తకంలోని 5,800కు, 850 డిగ్రీల దగ్గర ఇదే లెక్క వేస్తే 2 మీటర్లు వస్తుంది. బాయిలర్ చేసినవాళ్లు 2 మీటర్లు అనుకుని చేశారు, మీరు 2.5తో నడుపుతున్నారు.

పావు వంతేగా పెరిగింది అనుకోవద్దు. బెడ్ మీంచి ఎగిరిపోయే పదార్థం వేగంతో పాటు మెల్లగా పెరగదు. వేగానికి మూడో ఘాతం, నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. 1.25కు మూడో ఘాతం దాదాపు 2, నాలుగో ఘాతం 2.4. గాలి పావు వంతు పెరిగితే హాపర్లో పడేది రెండింతలు దాటుతుందన్న మాట. ట్యూబుల అరుగుదల కూడా ఇంచుమించు ఇదే దారిలో నడుస్తుంది. ఊక బూడిదలో నూటికి 85 పైన సిలికాయే, ఉప్పు కాగితంలా గీకుతుంది. సీజన్ అయ్యాక ఎకనమైజర్ మొదటి వరస ట్యూబుల మందం కొలిపించండి.

అయితే ఇంతవరకూ చెప్పింది బూడిద ఎందుకు ఎక్కువ పోతోందో చెప్తుంది గానీ ఇసుక సంగతి చెప్పదు. నాకు మీ ఉత్తరంలో ఆసక్తి కలిగించింది అదే.

ప్రతి రేణువుకూ కదలని వాయువులో తాను కిందికి పడే వేగం ఒకటి ఉంటుంది. పైకి వచ్చే గాలి అంతకన్నా తక్కువైతే రేణువు వెనక్కి పడుతుంది, ఎక్కువైతే పోతుంది. కల్లంలో తూర్పారబట్టేటప్పుడు గింజ కాళ్ల దగ్గర రాలి, పొట్టు దూరంగా పడేది దీనివల్లే. 850 డిగ్రీల వాయువులో 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) ఇసుక రేణువు పడే వేగం సుమారు 0.3 మీటర్లు. 300 మైక్రాన్లదైతే 2 మీటర్లు, 350 మైక్రాన్లదైతే 2.5. ఒక మిల్లీమీటరు రేణువుకు మాత్రం 9 మీటర్ల దాకా పోతుంది. మీలాంటి బెడ్‌కు పోయాల్సింది 1 నుంచి 2 మిల్లీమీటర్ల ఇసుక. ఆ ఇసుకను మీ 2.5 మీటర్ల గాలి మోసుకుపోలేదు. లెక్క ప్రకారం అది పోకూడదు. కానీ హాపర్లో ఉంది.

కాబట్టి హాపర్లోంచి కాస్త తీసి జల్లించండి. జల్లెళ్లు కొనక్కర్లేదు. మీ దగ్గర్లో కాంక్రీటు పరీక్షలు చేసే సివిల్ ల్యాబ్ ఏదున్నా 2.36, 1.18 మిల్లీమీటర్లు, 600, 300, 150 మైక్రాన్ల జల్లెళ్ల సెట్టు ఉంటుంది. ముక్కుకు మంచి మాస్క్ కట్టుకుని జల్లించండి, సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. పోసిన ఇసుకను కూడా, కొత్త బస్తా విప్పి, అలాగే జల్లించండి.

హాపర్లోని ఇసుక దాదాపు అంతా 300 జల్లెడలోంచి జారిపోతే మీ బాయిలర్ తప్పేమీ లేదు, బస్తాల్లో వచ్చిందే సన్న ఇసుక. ఏటి ఇసుకను జల్లించకుండా ఎత్తి పంపేవాళ్లు ఉన్నారు. అందులో సన్నదంతా మొదటి షిఫ్టులోనే గాలికి పోతుంది, ముతకది మిగులుతుంది, బెడ్ ఎత్తు తగ్గిందని మీరు మళ్లీ అదే బస్తా విప్పుతారు. డబ్బు ఇసుకకు కడుతున్నారా, గుంతకు కడుతున్నారా తెలియదు. వేడికి పగిలి, ఒకదానికొకటి రాసుకుని ముతక ఇసుక సన్నబడటం కూడా ఉంది గానీ, మరీ ఇంత తొందరగా కాదు.

600 జల్లెడ మీద కూడా ఇసుక నిలిస్తే కథ వేరు. ఆ రేణువును గాలి మోసుకెళ్లలేదు, ఎవరో విసిరారు. విసిరేది బెడ్‌లోని బుడగలు. గాలి బెడ్‌లో బుడగలుగా లేచి, పైన పగిలి, ఇసుకను పైకి చిమ్ముతుంది. బెడ్ లోతు పెరిగేకొద్దీ బుడగ పెద్దదవుతుంది, చిమ్మే ఎత్తు పెరుగుతుంది. ఇసుక తగ్గిందని మీరు ఎక్కువ పోస్తే, ఆ ఎక్కువే ఇసుకను బయటికి పంపుతుంది. బెడ్ ఎత్తు కంటితో చూసి పోయకండి, ఎయిర్ బాక్స్ (బెడ్ కింద గాలి నిండే పెట్టె) ప్రెషర్లోంచి నాజిళ్ల (అక్కడి నుంచి బెడ్‌లోకి గాలి వదిలే గొట్టాల) ప్రెషర్ డ్రాప్ తీసేసి చూడండి. పోసిన ఇసుక ఘనపు మీటరుకు ఒకటిన్నర టన్నులు తూగితే, నిలకడగా ఉన్న బెడ్ ఒక మిల్లీమీటరు ఎత్తుకు నీటి మట్టం ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్రెషర్ చూపుతుంది. ఇంత సులువైన లెక్క ఇంకెక్కడా దొరకదు. ఇది గోడ మీద రాసిపెట్టుకోవచ్చు.

విసిరే రెండో వస్తువు విరిగిన నాజిల్. ఒక నాజిల్ టోపీ ఊడిపోతే అక్కడ గాలి పక్కలకు పోకుండా నిటారుగా దూసుకొస్తుంది. సగటు 2.5 మీటర్లే అయినా ఆ ఒక్క చోట పది, ఇరవై మీటర్లు ఉండొచ్చు. సగటు గాలి లెక్క అక్కడ పనికిరాదు. వచ్చే షట్‌డౌన్‌లో బెడ్ మొత్తం దించి ఒక్కో టోపీ చేత్తో కదిపి చూడండి. ఫ్యాన్ వేసి బెడ్ చల్లగా ఉండగా పైనుంచి చూసినా తెలుస్తుంది. ఒకచోట ఫౌంటెన్‌లా లేస్తే అదే.

ఇక 7,500 ఎలా వచ్చింది? నా అనుమానం చెప్తాను. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు, ఒక మిల్లీమీటరు ఇసుకను తేల్చడానికే సెకనుకు 0.55 మీటర్ల గాలి కావాలి. మీ బెడ్‌కు అది గంటకు 6,400 ఘనపు మీటర్లు. నిప్పు రాజేయడానికి వేసే బొగ్గు, ఇసుక బాగా కలవాలంటే ఇంకొంచెం ఎక్కువ తెరుస్తారు, 7,500 దగ్గర ఆపుతారు. బెడ్ కాగాక ఇసుకను తేల్చడానికి 0.33 మీటర్లు చాలు, అదీ ఉబ్బిన గాలికి. అంటే ఫ్యాన్ దగ్గర చూస్తే చాలా తక్కువ. నిప్పు పట్టాక డ్యాంపర్‌ను (గాలి దారిని తెరిచి మూసే రెక్కను) వెనక్కి తేవాలి. స్టార్టింగ్ టెన్షన్‌లో తెరిచిన డ్యాంపర్ షిఫ్టు మారాక అక్కడే ఉండిపోతుంది, తర్వాత వచ్చినవాళ్లు అదే సరైన స్థానం అనుకుంటారు. చిత్తూరు జిల్లాలో నేను చూసిన ఊక బాయిలర్లలో ఈ జబ్బు లేనివి తక్కువ.

మీ ఆక్సిజన్ అంకె కూడా ఇదే చెప్తోంది. పుస్తకంలోని 5,800 గాలి అవసరానికి మించి 40 శాతం ఎక్కువ అనుకుంటే పొగలో ఆక్సిజన్ 6 ఉండాలి. 7,500 దగ్గర అది 9.4 అవుతుంది. మీరు రాసింది 9, 10 మధ్య. మీటర్లు అబద్ధం చెప్పడం లేదు.

మేనేజర్ గారి భయానికి జవాబు: ఆ అదనపు 1,700 ఘనపు మీటర్ల గాలిని మీరు 35 నుంచి పొగగొట్టం వేడి దాకా, 180 డిగ్రీలనుకుందాం, ఊక పెట్టి కాచి ఆకాశంలోకి వదులుతున్నారు. గంటకు టన్ను ఊక కాల్చే బాయిలర్లో అది సుమారు 20 కిలోల ఊక. గొప్ప మొత్తమేమీ కాదు. కానీ గాలి తగ్గిస్తే స్టీం పడదని చూపించడానికి సరిపోతుంది. బెడ్ వేడి కూడా 800 నుంచి పైకి లేస్తుంది.

తగ్గించేటప్పుడు ఒక్కసారిగా తగ్గించకండి. గంటకు రెండు మూడు వందల ఘనపు మీటర్లు తగ్గించి, బెడ్ టెంపరేచర్లన్నీ నిలకడగా ఉన్నాయో లేదో చూసి, మళ్లీ తగ్గించండి. బెడ్ వేడి కొలిచే నాలుగు థర్మోకపుల్స్‌లో ఒకటి మిగతావాటిని విడిచి పైకో కిందికో పోతే ఆ మూల ఇసుక తేలడం ఆగిందని అర్థం. అక్కడ ఆగి వెనక్కి రండి, లేకపోతే ఇసుక కరిగి గడ్డగా (క్లింకర్) కడుతుంది. శనక్కాయ పొట్టు కలిపి కాల్చే అలవాటు ఉంటే ఇంకా జాగ్రత్త, అందులోని పొటాషియం ఇసుకతో కలిసి తొందరగా కరిగి అంటుకుంటుంది. ఆక్సిజన్ 6 దగ్గరకు వచ్చాక ఆపండి. ఊక తేలిక కాబట్టి చాలా భాగం బెడ్ పైన ఖాళీలోనే కాలుతుంది. మీ బాయిలర్‌కు పైనుంచి గాలి ఇచ్చే సెకండరీ లైను ఉంటే కొంత గాలి అటు మళ్లించండి. బెడ్ మీద వేగం తగ్గుతుంది, పైన మంటకు గాలి దొరుకుతుంది. పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్ డ్యాంపర్‌ను కూడా వెంట దించండి, ఫర్నేస్ డ్రాఫ్ట్ (లోపలి లాగుడు) నీటి మట్టంలో మైనస్ 5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలు.

ఇంకొక్క మాట సైక్లోన్ గురించే. రేణిగుంట వైపు ఒక కర్మాగారంలో పొగగొట్టంలోంచి ధూళి ఎక్కువవుతోందని కొత్త మల్టీ సైక్లోన్ తెప్పించారు, అది పెట్టాక కూడా ధూళి తగ్గలేదు. నన్ను పిలిస్తే వెళ్లి అగరుబత్తి వెలిగించి కింది రోటరీ వాల్వ్ జాయింట్ దగ్గర పెట్టాను. పొగ అంతా లోపలికి పోయింది. సైక్లోన్ లోపల ఐడీ ఫ్యాన్ లాగుడు ఉంటుంది, కింద సందు ఉంటే బయటి గాలి అందులోంచి లోపలికి ఎక్కి, పడిన ధూళిని మళ్లీ ఎత్తి పైకి పంపేస్తుంది. రబ్బరు ప్యాకింగ్ మార్చారు, తగ్గింది. పాత సైక్లోన్‌కు కూడా అదే జబ్బు అయి ఉండాలి, కానీ అప్పటికి దాన్ని తుక్కు కింద అమ్మేశారు. మీరు కొటేషన్ మీద సంతకం పెట్టించే ముందు ఒక అగరుబత్తి ఖర్చు పెట్టండి.

ప్రశ్న: నేను తిరుపతిలో కెమికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. రేణువు పడే వేగం కన్నా గాలి వేగం ఎక్కువైతే రేణువు ఎగిరిపోతుందని చదివాం. రిఫైనరీల్లో ఎఫ్‌సీసీ రీజనరేటర్ (బరువైన నూనెను పెట్రోలుగా విడగొట్టే క్యాటలిస్ట్ పొడి మీది మసిని కాల్చి మళ్లీ వాడుకకు తెచ్చే పాత్ర) లెక్క వేస్తే గాలి వేగం సగటు రేణువు పడే వేగానికి ఎన్నో రెట్లు ఎక్కువ వస్తోంది. అయినా బెడ్ ఉంటుందట. మా పుస్తకం తప్పా, నా లెక్క తప్పా? ఇంకో సందేహం: బెడ్ పైన ఖాళీ ఎంత ఎత్తు వదలాలో చెప్పే సూత్రాలు ఒక్కోటి ఒక్కో సంఖ్య ఇస్తున్నాయి.

జవాబు: మీ లెక్క సరిగానే ఉందమ్మా. ఆ క్యాటలిస్ట్ సగటు రేణువు 60, 70 మైక్రాన్లు. రీజనరేటర్ వేడిలో అది పడే వేగం సెకనుకు పది సెంటీమీటర్లు కూడా ఉండదు. అక్కడ గాలి 60 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పోతుంది. పుస్తకంలోని మాట ఒంటరి రేణువుకు. సన్న రేణువులు బెడ్‌లో ఒంటరిగా ఉండవు, గుంపులుగా కదులుతాయి. గుంపు పడే వేగం ఒక్క రేణువు పడే వేగం కన్నా చాలా ఎక్కువ. గాలిలో ఎక్కువ భాగం కూడా బుడగల్లో పడి, రేణువుల మధ్య నుంచి దూరకుండా తప్పించుకుపోతుంది.

ఇది సగం జవాబే. మిగతా సగం ఏమంటే, అక్కడి క్యాటలిస్ట్ నిజంగానే ఎగిరిపోతుంది, టన్నుల లెక్కన. రీజనరేటర్ లోపలే పైన రెండు వరసల సైక్లోన్లు వేలాడుతుంటాయి. అవి పట్టుకున్నదాన్ని డిప్‌లెగ్ అనే గొట్టాల్లోంచి బెడ్‌లోకి దింపుతాయి. డిప్‌లెగ్‌లో క్యాటలిస్ట్ ఒక ఎత్తు వరకూ నిలిచి, ఆ బరువుతోనే కింది ప్రెషర్‌ను అడ్డుకుంటుంది. ఆ ఎత్తు కట్టకపోతే గాలి దాంట్లోంచి పైకి తన్ని సైక్లోన్ పని చెడుతుంది. బంగారుపాళ్యం ఉత్తరానికి చెప్పిన అగరుబత్తి కథ ఇదే, అక్కడ ఇనుము పెద్దది, అంతే. బెడ్ అలా నిలబడి ఉందంటే ఎంత పోతోందో అంతా వెనక్కి వస్తోంది కాబట్టి.

చరిత్ర కూడా కొంచెం తెలుసుకోండి, పరీక్షలో రాదు గానీ అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. ఈ విద్య పుట్టింది బొగ్గుతో. జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ 1922లో పేటెంటు తీసుకుని, 1926లో లాయ్నాలో గ్యాస్ తయారుచేసే పెద్ద ఫ్లూయిడైజ్డ్ బెడ్ నడిపించారు. కాలకుండా ఎగిరిపోయే బొగ్గు ధూళి ఆయన్ను మొదటి నుంచీ ఏడిపించింది. బెడ్ పైన ఖాళీలోకి విడిగా ఆవిరి, ఆక్సిజన్ పంపి ఆ ధూళిని అక్కడే గ్యాసుగా మార్చాల్సి వచ్చింది. అమెరికాలో బాటన్ రూజ్ రిఫైనరీలో మొదటి ఎఫ్‌సీసీ 1942 మే 25న మొదలైంది. ఆ మొదటి నమూనాలో క్యాటలిస్ట్ మొత్తం వాయువుతో పాటు పైకే పోయేది. బయట వరసగా సైక్లోన్లు, వాటి వెనక విద్యుత్తుతో ధూళిని లాగి పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు పెట్టి పట్టుకునేవారు. తర్వాతి నమూనాలో వేగం తగ్గించి, క్యాటలిస్ట్ చాలావరకు కిందే బెడ్‌లో నిలిచేలా చేసి అక్కడి నుంచే బయటికి తీశారు. ధూళి పట్టే యంత్రాల మీద భారం ఒక్కసారిగా తగ్గింది. సైక్లోన్ కన్నా ముందు వేగం గురించి ఆలోచించమని నేను ఊరికే అనడం లేదు. వేల కోట్ల పరిశ్రమ కూడా ఆ దారిలోనే నడిచింది.

1973లో డెరెక్ గెల్డార్ట్ పొడుల్ని ఎ, బి, సి, డి అని నాలుగుగా విడగొట్టారు. ఎఫ్‌సీసీ క్యాటలిస్ట్ ఎ, ఏటి ఇసుక బి, మన ఊక బాయిలర్లోని ముతక ఇసుక డి, గోధుమ పిండిలా అంటుకునేవి సి. బెడ్ తేలడం మొదలయ్యే వేగానికీ రేణువు ఎగిరే వేగానికీ మధ్య ఎంత జాగా ఉంటుందో అడగండి, తేడా తెలుస్తుంది. బాగా సన్న రేణువులకు అది 90 రెట్లు, బాగా ముతకవాటికి 9 రెట్లే. సన్న పొడి బెడ్‌ను చాలా వెడల్పాటి హద్దుల్లో నడపొచ్చు. కాకపోతే ఎగిరే వేగం అసలే చిన్నది కాబట్టి ఆ హద్దు దాటడం తేలిక.

ఇక మీ రెండో సందేహం. బుడగలు చిమ్మిన రేణువుల్లో ముతకవి కొంత ఎత్తు దాకా వెళ్లి పడిపోతాయి. ఒక ఎత్తు దాటాక వాయువుతో పోయేది ఇక తగ్గదు. ఆ ఎత్తునే టీడీహెచ్ అంటారు. వాయువు బయటికి పోయే దారి, సైక్లోన్ నోరు, దానికి పైన ఉండాలి. సూత్రాలు కలవకపోవడం మీ దోషం కాదు. ఒక్కో సూత్రం ఒక్కో రకం పొడితో, చాలాసార్లు చిన్న గొట్టాల్లో కొలిచి చేసింది. ఎగిరిపోయే మొత్తానికి రెండు సూత్రాలు పదింతలు, వందింతలు తేడా చెప్పడం మామూలే. మీ పొడి సైజూ సాంద్రతా ఏ సూత్రం కొలిచిన పరిధిలో ఉన్నాయో ముందు చూసి దాన్నే వాడండి, సగటు మాత్రం తీయకండి. నాలుగు తప్పుల సగటు ఐదో తప్పు అవుతుంది.

ఎత్తు పెంచడానికి చోటు లేనప్పుడు వెడల్పు పెంచుతారు. గ్యాస్ ఫేజ్ పాలిథీన్ రియాక్టర్ బొమ్మ చూడండి, పైభాగం ఉబ్బి ఉంటుంది. పైన వ్యాసం ఒకటిన్నర రెట్లు చేస్తే వైశాల్యం 2.25 రెట్లు అవుతుంది, వేగం 44 శాతానికి పడిపోతుంది. కింద బాగా కలవడానికి కావలసినంత వేగం, పైన వెనక్కి పడటానికి కావలసినంత నెమ్మది, రెండూ ఒకే పాత్రలో దొరుకుతాయి.

ప్రశ్న: చిత్తూరు దగ్గర డెయిరీలో పని చేస్తున్నాను. పాల పొడి ఫ్లూయిడ్ బెడ్ డ్రయర్లో వానాకాలం వస్తే బ్యాగ్ ఫిల్టర్లోకి (గాలిని వడకట్టే గుడ్డ సంచుల్లోకి) పొడి ఎక్కువ పోతోంది. గాలి వేగం మార్చలేదు. కారణం?

జవాబు: మీరు మార్చకపోయినా బెడ్ మార్చుకుంటుంది. కార్తీకంలో మనవైపు గాలిలో తేమ పెరుగుతుంది. పొడి జిగురుగా మారి కొన్నిచోట్ల గడ్డకడుతుంది. గడ్డ ఉన్నచోట గాలి దూరదు, లేనిచోట రెట్టింపు వేగంతో దూసుకుపోతుంది. పొడి పోయేది ఆ రంధ్రాల్లోంచే. వేగం పెంచి గడ్డ పగలగొడదామని చూడకండి, పోయేది ఇంకా పెరుగుతుంది. బెడ్‌ను అదిరించే వైబ్రేషన్ సరిగా ఉందో లేదో, లోపలికి వచ్చే గాలి నుంచి తేమ తీసే యూనిట్ పని చేస్తోందో లేదో చూడండి. పట్టిన సన్న పొడిని స్ప్రే దగ్గరకు తిరిగి పంపే లైను మూతపడి ఉంటే అది తెరిపించండి. తడి బిందువులకు అంటుకుని పెద్ద రేణువులుగా తయారై బెడ్‌లోనే నిలుస్తుంది.

ప్రశ్న: గుడిపాల మండలంలో మా మామిడి తోట పక్కన ఒక ఫ్యాక్టరీ ఉంది. రాత్రిళ్లు నల్లటి పొడి పడుతోంది. ఆకులన్నీ నల్లబడ్డాయి, ఆరేసిన బట్టల మీద కూడా పడుతోంది. వాళ్లను అడిగితే "మాకు సైక్లోన్ ఉంది, మాది కాదు" అంటున్నారు. రాత్రిళ్లే ఎందుకు పడుతుంది? మేమేం చేయాలి?

జవాబు: సైక్లోన్ ఉందనడం జవాబు కాదు. అయిదు పది మైక్రాన్ల లోపు ధూళిని మామూలు సైక్లోన్ సరిగా పట్టలేదు. దానికి బ్యాగ్ ఫిల్టర్ గానీ ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ గానీ కావాలి. మీకు పడేది నల్లగా ఉందంటే ఊక పూర్తిగా కాలకుండానే ఎగిరి వస్తోందని అర్థం. బాగా కాలిన ఊక బూడిద తెలుపు, బూడిద రంగుల్లో ఉంటుంది. రాత్రిళ్లే ఎందుకంటే, ట్యూబుల మీద పేరుకున్న మసిని ఆవిరితో ఊదే పని, హాపర్లు దించే పని చాలా చోట్ల రాత్రి షిఫ్టుకే పెట్టుకుంటారు. రాత్రి గాలి కదలదు, పొగ పైకి పోయి చెదరకుండా దగ్గర్లోనే దిగుతుంది.

కానీ ఫిర్యాదు చేసే ముందు రుజువు పట్టుకోండి. తెల్ల పింగాణీ ప్లేట్లు కొన్ని తీసుకుని, ఆముదం పలచగా రాసి, ఒకటి ఫ్యాక్టరీ గోడ దగ్గర, ఒకటి తోట మధ్యలో, ఒకటి ఫ్యాక్టరీకి అవతలి వైపు సాయంత్రం పెట్టి తెల్లవారుజామున తీయండి. గాలి ఎటు వీచిందో, ఏ సమయంలో ఏ చప్పుడు వినబడిందో పక్కన రాసుకోండి. ముతక నలుసులు గోడ దగ్గరే ఎక్కువ పడితే అది బూడిద కుప్ప మీంచి లేచింది అయి ఉండవచ్చు, కుప్పను తడిపి కప్పి ఉంచితే చాలు. తోట మధ్యలో కూడా గోడ దగ్గర పడినంత సన్నగా పడి, గాలి వీచని వైపున్న ప్లేటు మీద తక్కువ పడితే పొగగొట్టం నుంచి అయి ఉండవచ్చు. ఆ ప్లేట్ల ఫొటోలు, రాసుకున్న కాయితం పెట్టి కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇవ్వండి. ఉత్త మాటతో ఇచ్చిన అర్జీ కన్నా ఇది త్వరగా కదులుతుంది.

ఆకుల సంగతి విడిగా చూడండి. ఒక ఆకు కోసి వేలితో రుద్దండి. పొడిలా రాలిపోతే బూడిద. జిగటగా ఉండి పొరలా లేస్తే అది మసి తెగులు. తేనెమంచు పురుగు వదిలే తియ్యటి జిగురు మీద పెరిగే బూజు అది, దానికీ బాయిలర్‌కూ సంబంధం లేదు. బట్టల మీద పడేది బూడిదే అయినా ఆకుల మీద ఉన్నది తెగులు కావచ్చు, రెండూ ఒకే తోటలో ఉండటం నేను చూశాను. అలాంటప్పుడు ఆకుల కొమ్మ పట్టుకుని ఉద్యాన అధికారి దగ్గరకూ, ప్లేట్లు పట్టుకుని మండలి దగ్గరకూ వేరువేరుగా వెళ్లండి. రెండూ కలిపి ఒకే అర్జీలో పెడితే, ఫ్యాక్టరీవాళ్లు తెగులు ఆకును చూపించి ప్లేట్లను కూడా కొట్టిపారేస్తారు.